మనిషి ఇమ్యూనిటీ పెట్టిన ఎలకలు: ఏ పనికి ఏది, అసలు కావాలా?

ఫార్మసీ, బయోటెక్ కాలేజీల్లో ప్రాజెక్టులు మొదలయ్యే కాలం వస్తే నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంటుంది. "అన్నా, హ్యూమనైజ్డ్ ఎలకల మీద చేద్దామనుకుంటున్నా, ఎన్‌ఎస్‌జీ తీసుకోమంటావా, ఇంకేందన్నా మంచిది ఉందా?" మందు ఏంటో, రోగం ఏంటో, చేతిలో ఎన్ని నెలలున్నాయో చెప్పకుండా ఎలక పేరు అడిగితే నేనేం చెప్పాలి? అందుకే తెలిసిందంతా ఒకచోట రాసి పెడుతున్నా. మాది కావలి, ఉద్యోగం హైదరాబాద్‌లో, మందులు మనుషుల దాకా వెళ్లకముందు జంతువుల మీద పరీక్షించే ల్యాబులో. నాకు కొన్ని ఎలకలంటే ఇష్టం, కొన్నంటే చిరాకు, ఆ సంగతి చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మొదట ఒక గందరగోళం తీర్చుకుందాం. ఎన్‌ఎస్‌జీ అనేది హ్యూమనైజ్డ్ ఎలక కాదు. సొంత ఇమ్యూనిటీ దాదాపు లేని ఎలక, అంతే. అందులో మనిషి కణాలు పెట్టి, అవి నిలబడ్డాకే దాన్ని హ్యూమనైజ్డ్ అనాలి. అక్కడిదాకా రావడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టింది. 1983లో ఫిలడెల్ఫియాలో మెల్విన్ బోస్మా బృందం టి కణాలు (పరాయి కణాల మీద దాడిచేసే తెల్లకణాలు), బి కణాలు (యాంటీబాడీలు తయారుచేసేవి) రెండూ లేని ఎలకల్ని గుర్తించింది, వాటినే సిడ్ ఎలకలంటారు. 1988లో రెండు బృందాలు వేరువేరుగా వాటిలో మనిషి కణాలు పెట్టి చూశాయి. కణాలు బతికాయి గానీ సరిగ్గా నిలదొక్కుకోలేదు, ఎందుకంటే పరాయి కణాల్ని చంపే ఎలక ఎన్‌కే కణాలు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. ఐఎల్2 రిసెప్టర్ గామా అనే జన్యువును కూడా తీసేశాక ఆ అడ్డు పోయింది. జపాన్‌లో 2002లో ఎన్‌ఓజీ, అమెరికాలో జాక్సన్ ల్యాబొరేటరీ నుంచి 2005లో ఎన్‌ఎస్‌జీ అలా వచ్చాయి. రెంటికీ తల్లి జాతి ఎన్‌ఓడీ. ఈ జాతిలో ఇంకో సౌకర్యం ఉంది. దీని మాక్రోఫేజ్‌ల (పరాయి కణాల్ని తినేసే తెల్లకణాల) మీదున్న సిర్ప్ ఆల్ఫా ప్రోటీన్, మనిషి కణాల మీదుండే సీడీ47ని గట్టిగా పట్టుకుంటుంది, అలా పట్టుకున్నప్పుడు ‘తినొద్దు’ అన్న సంకేతం అందుతుంది కాబట్టి మనిషి కణాలు బతికిపోతాయి. వేరే జాతి ఎలకల్లో ఈ సౌకర్యం ఇంతగా లేదు.

ఇంత తతంగం ఎందుకంటే, 2006 మార్చిలో లండన్ నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో జరిగింది తెలుసుకోవాలి. టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకి ఇచ్చారు. కోతుల్లో ఏ ఇబ్బందీ చేయని మోతాదులో 500వ వంతు మాత్రమే ఎక్కించారు. అయినా గంటన్నర లోపే ఆరుగురికీ సైటోకైన్ తుఫాను (ఇమ్యూనిటీ కణాలు వదిలే సంకేత ప్రోటీన్లు ఒక్కసారిగా పెరిగిపోవడం) మొదలైంది, అవయవాలు దెబ్బతిన్నాయి, ఐసీయూలో పెట్టి కాపాడుకోవాల్సి వచ్చింది. ఆ మందు పట్టుకునే సీడీ28 అనే గుర్తు మనిషి మెమరీ టి కణాల్లో కొన్నింటి మీద ఉంటుంది, కోతుల్లో అదే రకం కణాల మీద ఉండదు. అంటే తప్పు మోతాదులో కాదు, పరీక్షించిన జంతువులో ఉంది. ఇలాంటి చోటే మనిషి కణాలున్న ఎలక అవసరం.

మరి మీ ప్రాజెక్టుకి అవసరమా? నిక్కచ్చిగా చెప్పాలంటే, నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమందికి అవసరం లేదు. తిప్పతీగ కషాయం ఇమ్యూనిటీ పెంచుతుందా, వేపాకు సారంలో ఏముంది లాంటి పనులకి మామూలు స్విస్ ఆల్బినో ఎలకలు, విస్టార్ ఎలకలు సరిపోతాయి. గొర్రె ఎర్ర రక్తకణాలు ఇచ్చి యాంటీబాడీ టైటర్ (ఎంత తయారైందన్న లెక్క) చూడటం, కార్బన్ క్లియరెన్స్ (ఎక్కించిన కార్బన్‌ని కణాలు ఎంత తొందరగా తీసేస్తాయో) చూడటం, సైక్లోఫాస్ఫమైడ్‌తో ఇమ్యూనిటీ తగ్గించి మళ్లీ పెరుగుతుందా అని చూడటం, ఇవన్నీ పాత పద్ధతులే గానీ ఆ ప్రశ్నలకి జవాబు ఇవే ఇస్తాయి. మొక్క సారంలోని పదార్థం మనిషి ప్రోటీన్‌నే పట్టుకుంటుంది, ఎలక ప్రోటీన్‌ని పట్టుకోదు అనడానికి మీ దగ్గర కారణం ఏమీ లేనప్పుడు, ఖరీదైన ఎలక వాడి తేలేది ఏమీ ఉండదు. పేపర్ టైటిల్‌లో హ్యూమనైజ్డ్ అన్న మాట కనపడుతుంది, అంతవరకే లాభం.

కావాల్సింది ఎప్పుడంటే, మందు మనిషి ప్రోటీన్‌ని మాత్రమే గుర్తుపట్టినప్పుడు, లేదా క్రిమి మనిషి కణాల్లో మాత్రమే బతికినప్పుడు. అప్పుడు కూడా కాగితం మీద ఒక వాక్యం రాసుకోండి: ఏ కణం పనిచేయాలి, ఎన్ని వారాలు పనిచేయాలి. ఆ వాక్యం ఖాయమైతే ఎలక దాదాపు అదే తేలుతుంది.

పీబీఎంసీయా, సీడీ34నా

ఎలకలో మనిషి కణాలు పెట్టే పద్ధతుల్లో అసలు పోటీ ఈ రెంటి మధ్యే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

పీబీఎంసీ పద్ధతి సులువు. పెద్దవాళ్ల రక్తం తీసుకుని, ఫైకాల్ అనే ద్రవం మీద పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, తెల్లకణాల్ని వేరుచేసి, ఎలకకి సుమారు ఒక కోటి చొప్పున కడుపులోకో తోక నరంలోకో ఎక్కిస్తారు. బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చే ఒక బఫీ కోట్‌తో (రక్తంలో తెల్లకణాలుండే పొర) ఇరవై ముప్పై ఎలకలు చేసుకోవచ్చు. రెండు మూడు వారాల్లో ఎలక రక్తంలో మనిషి కణాలు కనపడతాయి. పనిచేసే, పెద్దవాళ్ల టి కణాలు. ఇంత తొందరగా ఇంకే పద్ధతిలోనూ రాదు.

చిక్కు కూడా ఆ టి కణాలతోనే. వాటికి ఎలక ఒళ్లంతా పరాయిదే. చర్మం, కాలేయం, ఊపిరితిత్తులు, అన్నింటి మీదా దాడి మొదలుపెడతాయి, దీన్నే జీవీహెచ్‌డీ అంటారు. నాలుగు నుంచి ఆరు వారాలకల్లా ఎలక బరువు పడిపోతుంది, వెంట్రుకలు రేగి, నడుం వంగి కూర్చుంటుంది, ఇక ఆపేయాల్సిందే. అంటే మీ ప్రయోగం మొత్తం రెండో వారానికీ ఐదో వారానికీ మధ్యలో అయిపోవాలి. పైగా అందులో ఉండేవి దాదాపు టి కణాలే. బి కణాలు, మోనోసైట్లు (మాక్రోఫేజ్‌లుగా మారే తెల్లకణాలు), ఎన్‌కే కణాలు ఏవీ లెక్కలోకి వచ్చేంత మిగలవు. ఎలక సొంత ఎంహెచ్‌సీ జన్యువుల్ని (సొంతదా పరాయిదా అని టి కణాలు చూసే ప్రోటీన్లవి) తీసేసిన కొత్త రకాల్లో జీవీహెచ్‌డీ ఆలస్యంగా వస్తుంది, ఇంకొన్ని వారాలు దొరుకుతాయి, ధర కూడా దానికి తగ్గట్టే ఎక్కువ.

నేనైతే పీబీఎంసీని తక్కువ చేసి చూడను. టి కణాల్ని కాన్సర్ కణం దగ్గరికి లాక్కొచ్చే బైస్పెసిఫిక్ యాంటీబాడీ పనిచేస్తుందా, సైటోకైన్లు ఎంత పెరుగుతున్నాయి అని చూడాలంటే నెల రోజులు చాలు. జీవీహెచ్‌డీకే మందు కనిపెట్టాలనుకునేవాళ్లకైతే దీని లోపమే ప్రయోగం అయిపోతుంది, ఎన్ని రోజులు ఎక్కువ బతికిందన్నదే కొలత.

సీడీ34 పద్ధతి దీనికి పూర్తిగా వేరు. ప్రసవం తర్వాత బొడ్డుతాడులో మిగిలే రక్తం నుంచి సీడీ34 గుర్తు ఉన్న మూలకణాల్ని వేరుచేసి, పుట్టి ఒకట్రెండు రోజులైన పిల్లకో, మూడు నాలుగు వారాల ఎలకకో ఎక్కిస్తారు. దానికి ముందు ఎముక మజ్జలో చోటు దొరకడానికి తక్కువ మోతాదు రేడియేషన్ ఇస్తారు. ఎలకకి సుమారు లక్ష కణాలు. ఒక బొడ్డుతాడు నుంచి వచ్చేవి మహా అయితే పది ఇరవై ఎలకలకి సరిపోతాయి. తర్వాత కాచుకుని కూర్చోవాలి. మొదట బి కణాలు వస్తాయి, టి కణాలు బాగా రావడానికి పన్నెండు వారాలు పైనే పడుతుంది. అప్పుడు రక్తం చుక్క తీసి, కణాల్ని రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీలో చూస్తారు, తెల్లకణాల్లో కనీసం 25 శాతం మనిషివైతే ఎక్కువమంది దాన్ని పనికొచ్చే ఎలకగా లెక్కేస్తారు. ఆడ ఎలకల్లో కొంచెం బాగా నిలుస్తాయి.

ఈ ఎలకలో టి కణాలు ఎలక థైమస్‌లోనే పెరిగాయి కాబట్టి దాన్ని పరాయిగా చూడవు, జీవీహెచ్‌డీ చాలా తక్కువ, నెలల తరబడి వాడుకోవచ్చు. కానీ అదే కారణంతో ఒక లోపం కూడా వచ్చింది. వైరస్ ముక్కల్ని గుర్తుపట్టడం ఆ టి కణాలు నేర్చుకున్నది ఎలక ఎంహెచ్‌సీ మీద. మనిషి బి కణం, మనిషి డెండ్రిటిక్ కణం చూపించేది మనిషి హెచ్‌ఎల్‌ఏ (మనిషిలో ఎంహెచ్‌సీకి పేరు) మీద. రెంటికీ పొత్తు సరిగా కుదరదు. అందుకే ఈ ఎలకకి టీకా వేస్తే మొదటి రకం యాంటీబాడీ ఐజీఎం వస్తుంది, తర్వాత రావాల్సిన ఐజీజీ మాత్రం అంతంతమాత్రం. దానికి తోడు గామా జన్యువు లేకపోవడంతో లింఫ్ గ్రంథులు సరిగా ఏర్పడవు. హెచ్‌ఎల్‌ఏ-ఏ2 జన్యువు పెట్టిన ఎన్‌ఎస్‌జీ ఎలకలో, అదే రకం దాత కణాలు పెడితే కొంత మెరుగు.

ఎంపిక సంగతికొస్తే, టి కణాలు మాత్రమే కావాలి, నెలలో తేలిపోవాలి అంటే పీబీఎంసీ. రెండు మూడు నెలలు మందు ఇస్తూ చూడాలి, కొన్ని రకాల కణాలు కలిసి ఉండాలి అంటే సీడీ34. ఎం.ఫార్మసీలో ప్రాజెక్టుకి దొరికేది చివరి రెండు సెమిస్టర్లు. అనుమతులకి కొన్ని నెలలు, కణాలు నిలవడానికి మూడు నాలుగు నెలలు, ప్రయోగానికి ఒకట్రెండు నెలలు కలిపి చూసుకోండి, సీడీ34 అందులో పట్టదు. పీహెచ్‌డీ వాళ్లయితే ఆలోచించొచ్చు. కణాలు పెట్టిన ఎలకల్నే అమ్మే కంపెనీలు ఉన్నాయి, మూడు నెలలు మిగులుతాయి, కానీ ఒక్కో ఎలకకి చెప్పే రేటు వింటే మీ గైడ్ ముఖం ఎలా మారుతుందో ఊహించుకోవచ్చు.

దాతల గురించి ఒక మాట, దీని దగ్గరే మంచి మంచి ప్రయోగాలు పాడవుతుంటాయి. ఒక దాత కణాలు బాగా నిలుస్తాయి, ఇంకో దాతవి నిలవవు. ఒక దాత ఎలకలన్నీ మందు గ్రూపులో, ఇంకో దాతవన్నీ కంట్రోల్ గ్రూపులో పెట్టారంటే వచ్చిన తేడా మందుదా, మనిషిదా అని ఎవరూ చెప్పలేరు. కనీసం ఇద్దరు ముగ్గురు దాతలు, ప్రతి దాత ఎలకలూ అన్ని గ్రూపుల్లోకీ సమానంగా పోవాలి. కణాలు పెట్టని ఎన్‌ఎస్‌జీకి కూడా మందు ఇచ్చి చూడాలి. కాన్సర్ గడ్డ పెట్టే పనైతే, గడ్డ ఒకరిది, ఇమ్యూనిటీ ఇంకొకరిది కాబట్టి హెచ్‌ఎల్‌ఏ కలవక మందు లేకుండానే గడ్డ తగ్గే అవకాశం ఉంది, కణాలు, గడ్డ పెట్టి మందు మాత్రం ఇవ్వని కంట్రోల్ లేని పేపర్‌ని నేను నమ్మను.

మిగతా రకాలు

బీఎల్‌టీ అని ఒకటుంది: బోన్ మారో, లివర్, థైమస్. 2006లో వచ్చింది. గర్భస్థ పిండం థైమస్, కాలేయం ముక్కల్ని ఎలక మూత్రపిండం పొర కింద పెట్టి, అదే పిండం మూలకణాల్ని రక్తంలోకి ఎక్కిస్తారు. టి కణాలు మనిషి థైమస్‌లోనే పెరుగుతాయి, హెచ్‌ఎల్‌ఏని గుర్తుపడతాయి, పేగుల్లో, జననాంగాల పొరల్లో కూడా మనిషి కణాలు చేరతాయి. హెచ్‌ఐవీ పరిశోధనకి ఇంతకన్నా గట్టి ఎలక లేదు. హెచ్‌ఐవీ మామూలు ఎలకకి సోకనే సోకదు, దీనికి మాత్రం మనుషుల్లో లాగే పొరల ద్వారా సోకుతుంది. ముందుగా మందు వేసుకుంటే సోకకుండా ఆపొచ్చన్న ఆలోచనని 2008లో ఈ ఎలకల్లో చూపించారు. కానీ పిండం కణజాలం అంటే నైతిక ప్రశ్నలు, కఠినమైన అనుమతులు, చేయి తిరిగిన శస్త్రచికిత్స, అన్నీ కావాలి. కొన్ని నెలలయ్యాక దీనికీ జీవీహెచ్‌డీ లాంటిది వస్తుంది. నెల్లూరులో కూర్చుని దీని గురించి చదువుకోండి, చేయాలనుకోవద్దు.

మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు కావాలంటే వేరే దారి. మామూలు ఎన్‌ఎస్‌జీలో అవి ఎందుకు తక్కువంటే, వాటిని పెంచే ఎలక సైటోకైన్లు కొన్ని మనిషి కణాల మీద పనిచేయవు. అందుకని మనిషి సైటోకైన్ జన్యువులే ఎలకలో పెట్టారు. ఎన్‌ఎస్‌జీ-ఎస్‌జీఎం3లో మూడు, ఎన్‌ఓజీ-ఈఎక్స్ఎల్‌లో రెండు. యేల్ వర్సిటీ బృందం 2014లో ప్రకటించిన ఎమ్ఐఎస్‌టీఆర్‌జీలో ఇంకా ఎక్కువ, అవి కూడా అతిగా కాకుండా ఒంట్లో సహజంగా ఉండే మోతాదులోనే తయారవుతాయి. బాగానే ఉంది గానీ ఎమ్ఐఎస్‌టీఆర్‌జీలో మనిషి మాక్రోఫేజ్‌లు ఎంత బాగా పెరుగుతాయంటే ఎలక ఎర్ర రక్తకణాల్నే తినేస్తాయి, రక్తహీనతతో ఎలక తొందరగా పోతుంది. ఎస్‌జీఎం3లో కూడా మూలకణాలు తొందరగా అరిగిపోతాయి. అంటే కణాల రకాలు పెరిగేకొద్దీ వారాలు తగ్గుతాయి, ఈ బేరం ప్రతి ఎలకలోనూ ఉంది.

దీని విలువ తెలియాలంటే కార్-టి చికిత్స చూడండి, అంటే టి కణాల్ని కాన్సర్‌ని గుర్తుపట్టేలా మార్చి ఎక్కించే చికిత్స. కార్-టి కణాలు గడ్డని చంపుతున్నాయా లేదా అన్నదానికి ఉత్త ఎన్‌ఎస్‌జీ చాలు, అందులో మనిషి కాన్సర్ కణాలు పెట్టి, మనిషి కార్-టి కణాలు ఎక్కిస్తే సరి, వేరే హ్యూమనైజేషన్ అక్కర్లేదు. మన దేశంలో 2023 అక్టోబర్‌లో సొంత కార్-టికి అనుమతి వచ్చాక ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. కానీ దాని దుష్ఫలితమైన సైటోకైన్ తుఫాను ఉత్త ఎన్‌ఎస్‌జీలో సరిగా కనపడదు, ఎందుకంటే ఐఎల్1, ఐఎల్6 అనే సైటోకైన్లు వదిలేవి మోనోసైట్లు. 2018లో ఎస్‌జీఎం3 ఎలకల్లో మనిషి మోనోసైట్లు ఉంచి చూశాకే ఆ సంగతి స్పష్టంగా తేలింది. ఒకే చికిత్స, రెండు ప్రశ్నలు, రెండు వేర్వేరు ఎలకలు.

ఇక నాకు ఎక్కువ ఇష్టమైన రకం, నాక్-ఇన్ ఎలక. దీని ఇమ్యూనిటీ మొత్తం దానిదే, చక్కగా పనిచేస్తుంది. మందు పట్టుకోవాల్సిన ఒక్క జన్యువు మాత్రం మనిషిది పెడతారు. ఉదాహరణకి పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే కాన్సర్ మందులు మనిషి పీడీ-1ని (టి కణాలకి బ్రేకు వేసే ప్రోటీన్) పట్టుకుంటాయి, ఎలక పీడీ-1ని పట్టుకోవు. మనిషి పీడీ-1 పెట్టిన సి57 నల్ల ఎలకలో, ఎలక పేగు కాన్సర్ గడ్డ పెట్టి ఆ మందు ఇస్తే జవాబు వస్తుంది. దాతల గొడవ లేదు, జీవీహెచ్‌డీ లేదు, ఎలకలన్నీ ఒకే తీరు, వాటి లింఫ్ గ్రంథులు మామూలుగా ఉంటాయి. లోటల్లా ఒకటే, ఆ ఒక్క జన్యువు తప్ప మిగతాదంతా ఎలకే. మీ ప్రశ్న సిద్ధాంతం వరకే అయితే, అంటే పీడీ-1ని ఆపితే ఫలానా మందుతో కలిసి మేలు చేస్తుందా అన్నదైతే, అది కూడా వద్దు, మామూలు నల్ల ఎలకకి ఎలక పీడీ-1ని పట్టుకునే యాంటీబాడీ ఇవ్వండి. కలయిక ప్రయోగాలు అడిగేవాళ్లకి నేను చెప్పేది ఎక్కువగా ఇదే, విన్నాక కొంచెం నిరుత్సాహపడతారు.

2021 మేలో కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం మందు కోసం జనం బారులు తీరినప్పుడు, దాన్ని ముందు జంతువుల మీద పరీక్షించాలన్న చర్చ మన ఊళ్లలో బాగా నడిచింది. ఏ జంతువు అన్నది ఎవరూ మాట్లాడలేదు. మొదట వచ్చిన కరోనా వైరస్ మామూలు ఎలకకి అంటదు, వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే ప్రోటీన్ ఏస్2, ఎలక ఏస్2ని అది సరిగా పట్టుకోలేదు. మనిషి ఏస్2 పెట్టిన కే18 ఎలక కావాలి. దాన్ని 2007లోనే పాత సార్స్ కోసం అయోవాలో స్టాన్లీ పెర్ల్‌మన్ బృందం తయారుచేసింది. అయితే అదీ మనిషి ఇమ్యూనిటీ ఉన్న ఎలక కాదు, మనిషి జన్యువు ఒకటి ఉన్న ఎలక. పైగా అందులో వైరస్ మెదడుకి పాకి చంపుతుంది, మనుషుల్లో రోగం నడిచిన తీరు అది కాదు.

మనిషి యాంటీబాడీ జన్యువులు పెట్టిన ఎలకలు ఇంకో కుటుంబం. వీటికి టీకా వేస్తే నేరుగా మనిషి యాంటీబాడీలే తయారుచేస్తాయి. 2006లో అమెరికాలో అనుమతి వచ్చిన కాన్సర్ మందు పానిటుముమాబ్ ఇలా పుట్టిన మొదటి మందు, తర్వాత ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కూడా ఇలాంటి ఎలకల నుంచి వచ్చినవే. మందు పరీక్షించడానికి కాదు, మందు పుట్టించడానికి. యాంటీబాడీ కనిపెడదామని సీడీ34 ఎలక కొనాలనుకునేవాళ్లు ఇది గమనించండి. బొడ్డుతాడు కణాలతోనే ఐజీజీ బాగా తెప్పించే టీహెచ్ఎక్స్ అనే ఎలకని టెక్సాస్‌లో 2024లో ప్రకటించారు, ఈస్ట్రోజెన్ హార్మోన్ ఇచ్చి పెంచారు. అది అందరి చేతిలోకీ రావడానికి టైమ్ పడుతుంది.

మన రోగాలకి ఏది

వానలు పడితే నెల్లూరులో డెంగీ మామూలే, కాబట్టి డెంగీ అడిగేవాళ్లు ఎక్కువ. వైరస్‌ని చంపే మందు పరీక్షించాలంటే ఏజీ129 చాలు, వైరస్‌ని అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్‌కి రిసెప్టర్లు లేని ఎలక అది, అందులో వైరస్ బాగా పెరుగుతుంది, ఖర్చు తక్కువ. జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, మనిషి ఇమ్యూనిటీ స్పందన చూడాలంటే మాత్రం సీడీ34 పెట్టిన ఎన్‌ఎస్‌జీ. ఈ ఎలకల్ని వైరస్ ఉన్న దోమలతో కుట్టిస్తే సూదితో ఇచ్చినదానికన్నా రోగం గట్టిగా వచ్చిందని 2012లో చూపించారు. దోమ లాలాజలం పాత్ర అక్కడ బయటపడింది.

టైఫాయిడ్ క్రిమి సాల్మొనెల్లా టైఫీ మామూలు ఎలకలో రోగం తేదు, అందుకే దశాబ్దాలుగా దాని తోబుట్టువు టైఫీమ్యూరియంతో నెట్టుకొస్తున్నారు. 2010లో మనిషి కణాలున్న ఎలకల్లో టైఫీ నిలిచింది. క్రిమి గురించే ప్రశ్నైతే హ్యూమనైజ్డ్, యాంటీబయాటిక్ గురించైతే పాత దారే.

టీబీకి మందులు పరీక్షించేది ఇప్పటికీ ఎక్కువగా మామూలు బాల్బ్-సి ఎలకల్లోనే. ఊపిరితిత్తుల్లో కుళ్లిన గడ్డలు కావాలంటే సి3హెబ్ అనే జాతి ఉంది, అది హ్యూమనైజ్డ్ కాదు. హెచ్‌ఐవీ, టీబీ రెండూ కలిసి ఉన్న స్థితిని ఎలకల్లో చూడాలంటే మాత్రం హ్యూమనైజ్డ్ వైపే వెళ్లాలి. ఏ రోగమైనా, యాంటీబాడీ మందు పరీక్షించేవాళ్లకి ఒక చిక్కు కూడా ఉంది, ఎన్‌ఓడీ కుటుంబం ఎలకల్లో కాంప్లిమెంట్ (యాంటీబాడీ పట్టుకున్న కణాన్ని చంపే రక్త ప్రోటీన్ల వరస) లోని సీ5 ఉండదు, మీ మందు కాంప్లిమెంట్ ద్వారా కణాన్ని చంపేదైతే ఇక్కడ పనిచేయనట్టే కనపడుతుంది.

నెల్లూరు నుంచి చూస్తే

రొయ్యల గుంటలు తెలిసినవాళ్లకి ఒక సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. 2009 తర్వాత వనామీ వచ్చినప్పుడు ఎస్‌పీఎఫ్ తల్లి రొయ్యలు, చెన్నైలో క్వారంటైన్, హేచరీలో కాళ్లు కడుక్కుని లోపలికి పోవడం, ఇవన్నీ మనవాళ్లు నేర్చుకున్నారు. ఎస్‌పీఎఫ్ ఎలక కూడా అదే మాట, అదే అర్థం: ఫలానా క్రిములు లేవని పరీక్షించిన జంతువు. తేడా ఏంటంటే గుంటలో వైట్ స్పాట్ వస్తే నష్టం లెక్క తెలుస్తుంది, ఎన్‌ఎస్‌జీ గదిలో మామూలు ఎలకలో ఏ హానీ చేయని బ్యాక్టీరియా చేరినా జంతువులు ఒక్కొక్కటే చిక్కిపోతాయి, కారణం ఏంటో వెతుక్కోవడానికే నెల పోతుంది. గాలి వడపోసే విడివిడి బోనులు, ఆటోక్లేవ్ చేసిన మేత, నీళ్లు, పరుపు, గౌన్లు, ఏడాది పొడవునా 22 డిగ్రీల దగ్గర గది. రోహిణి కార్తెలో నెల్లూరులో కరెంటు పోతే జనరేటర్ ఎన్ని సెకన్లకి అందుకుంటుందో అడగాల్సిన పని అది. మామూలు కాలేజీ యానిమల్ హౌస్‌లో ఇవి పెట్టుకోవాలనుకోవద్దు.

రేడియేషన్ కూడా చూసుకోండి. యానిమల్ హౌస్ పక్కన ఇర్రేడియేటర్ ఉండే చోట్లు తక్కువ. సిడ్ మ్యుటేషన్ డీఎన్ఏ మరమ్మతుని కూడా దెబ్బతీస్తుంది కాబట్టి ఎన్‌ఎస్‌జీకి డోసు కొంచెం ఎక్కువైనా చస్తాయి, సిడ్‌కి బదులు రాగ్ అనే జన్యువు తీసేసిన రకాలు ఇంకాస్త తట్టుకుంటాయి. మజ్జ కణాల్ని తగ్గించే బుసల్ఫాన్ ఇంజెక్షన్ ఒక ప్రత్యామ్నాయం. ఎన్‌బీఎస్‌జీడబ్ల్యూ అనే రకానికి రేడియేషనే అక్కర్లేదు, కిట్ జన్యువులో మార్పు వల్ల మజ్జలో చోటు ముందే ఉంటుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఎలకలకి సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి, ఆ సంస్థకి జంతు ప్రయోగాల్ని పర్యవేక్షించే కేంద్ర కమిటీ (పాత సీపీసీఎస్ఈఏ, ఇప్పటి సీసీఎస్ఈఏ) రిజిస్ట్రేషన్. మనిషి రక్తానికి, బొడ్డుతాడుకి వేరే నైతిక కమిటీ, తల్లి రాతపూర్వక అంగీకారం. జన్యుమార్పు ఎలక కాబట్టి బయోసేఫ్టీ కమిటీ. దిగుమతైతే ఇంకొన్ని. అన్నిటికీ ఒకేసారి అప్లై చేయండి, ఒకటి అయ్యాక ఒకటి అనుకుంటే ఏడాది పోతుంది. 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి ఆర్గాన్ చిప్, ఆర్గనాయిడ్ లాంటి జంతువులు లేని పరీక్షలకీ మన దేశంలో చోటిచ్చారు. సైటోకైన్లు పెరుగుతాయా అన్న ఒక్క ప్రశ్నకైతే మనిషి రక్తాన్ని గిన్నెలో పెట్టి చేసే పరీక్ష మొదట చేయండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

నా అభిప్రాయం ఇది: నెల్లూరు, ఒంగోలు వాళ్లకి ఎలక బలం కాదు, మనిషి నమూనా బలం. మన పెద్దాసుపత్రుల ప్రసూతి వార్డుల్లో రోజూ బొడ్డుతాళ్లు చెత్తలోకి పోతున్నాయి. డెంగీ సీజన్‌లో వచ్చే రోగుల రక్తం ఇక్కడ దొరికినట్టు పెద్ద ల్యాబులకి దొరకదు. ఎలకలున్న చోటుకి ఒప్పందం మీద నమూనా తీసుకెళ్లి కలిసి పనిచేస్తే, అన్నీ సొంతంగా పెట్టుకోవాలనే ఆరాటం కన్నా ఎక్కువ పని జరుగుతుంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ ఉంది, అక్కడి జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జంతు వనరుల కేంద్రం ఉంది. నెల్లూరు వాళ్లకి చెన్నై అయితే హైవే మీద మూడు నాలుగు గంటలే, బొడ్డుతాడు రక్తం ఒక రోజులోపు ల్యాబుకి చేరితే మంచిది కాబట్టి దూరం లెక్కలోకి వస్తుంది.

వీలైతే ఇక్కడే సీడీ34 కణాలు వేరుచేసి ద్రవ నైట్రోజన్‌లో పెట్టండి. నైట్రోజన్ క్యాన్ కొత్త వస్తువేం కాదు, మన పశువుల ఆసుపత్రుల్లో ఒంగోలు గిత్తల వీర్యం స్ట్రాలు ఉండేది అందులోనే. ప్రతి వయల్ మీద దాత కోడ్, తేదీ, కణాల సంఖ్య, కరిగించాక ఎన్ని బతికాయో రాసి ఉంచండి, దాత పేరు రాయొద్దు. 2021 నవంబర్ వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, కోవూరు దగ్గర హైవే రెండూ తెగిపోయాయి కదా, అలాంటి వారంలో తాజా రక్తం మీద ఆధారపడ్డ ప్రయోగం ఆగిపోతుంది, గడ్డకట్టించి పెట్టుకున్న కణాలు మాత్రం నైట్రోజన్ నింపుతూ ఉన్నంత కాలం ఆగుతాయి.